నల్లమందు దొరకు వారాల భోజనం

ఈమధ్య మా ఇంట్లో సాయంత్రమైతే చాలు, అందరూ టీవీ ముందు చేరి ఒక సీరియల్ చూస్తున్నారు. అందులో మత్తుమందులు అమ్మే ముఠా నాయకుడొకడు ఉన్నాడు. తెల్లటి చొక్కా, వేళ్ళ నిండా ఉంగరాలు, చిటికె వేస్తే పరుగెత్తుకొచ్చే మనుషులు. మొన్న వాడు ఒక పొట్లం విప్పి, సరుకు మంచిదో కాదో చూసే సీను వచ్చింది. వేలితో అద్దుకుని నాలుకకు రాసుకుని తలాడించాడు. నాకు ఒళ్ళు మండింది.

"వానికి ఆ పని రాదు," అన్నాను.

"నీకెట్ల తెలుసు తాతా?" అంది మా మనవరాలు.

"నేను నాలుగేండ్లు నల్లమందు అమ్మినా."

ఇల్లంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. నాటకంలోలే అని చెప్పేసరికి అందరూ నవ్వి, మళ్ళీ టీవీలో పడ్డారు. ఆ తర్వాత ఏమైందని ఎవరూ అడగలేదు. అడగరు కూడా. సీరియల్లో ఆ నాయకుడు ఇరవై మంది పట్టే బల్ల ముందు ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. మనుషులేమో గోడల వెంబడి నిలబడి ఉన్నారు. అదొక్కటి మాత్రం, రాసినవాడెవడో గానీ, సరిగ్గా రాశాడు. అట్లాంటి అన్నం నేను తిన్నాను.

నేను పుట్టి పెరిగింది బళ్ళారి కౌల్ బజారులో. మాది బెల్లం, చింతపండు అంగడి. మాకు నాలుగు అంగళ్ళ అవతల, సర్కారు అనుమతితో నల్లమందు అమ్మే అంగడి ఒకటి ఉండేది. చిన్నప్పుడు నాకు అదే వేడుక. బెల్లం దిమ్మల మీద కూర్చుని, అక్కడికి వచ్చేవాళ్ళను చూస్తూ ఉండేవాడిని. కొన్న ముక్కను ఎవరూ వెంటనే నోట్లో వేసుకోరు. ముందు బొటనవేలితో అదిమి చూస్తారు. అరచేతిలో పెట్టి వెచ్చబరుస్తారు. మెల్లగా ఉండ చుట్టి, కళ్ళు మూసుకుని వాసన చూసి, డబ్బీలో దాచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోతారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు చట్టం మారి ఆ అంగడి మూతబడింది. కానీ ఆ చేతుల పని నా కళ్ళలో ఉండిపోయింది.

మా వీధి కుర్రకారు కలిసి నాటకాల సంఘం పెట్టినప్పుడు నేను హీరో వేషం అడిగాను. "ఆ కనుబొమ్మలు పెట్టుకోని నువ్వు హీరో యేందప్పా? జనం లేసిపోతారు," అన్నారు. ఊరి యువకులందరికీ నల్లమందు అలవాటు చేసి, వాళ్ళ పొలాలు రాయించుకునే దొంగల నాయకుడి వేషం నాకు అంటగట్టారు. నాటకంలో అతణ్ణి నల్లమందు దొర అంటారు. కోపం వచ్చింది గానీ, ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక ఊరుకునే రకం కాదు నేను. రంగం మీద చూపించే నల్లమందు కూడా నేనే తయారుచేసుకున్నాను. తుమ్మబంక నానబెట్టి, కరక్కాయ పొడి కలిపి, మా అంగట్లో మిగిలిన పాత నల్లబెల్లం వేసి నూరితే, అచ్చం అసలు సరుకులాగే ఉండేది. కౌల్ బజారులో చూసిన పని అంతా రంగం మీద చేసేవాడిని. జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. హీరోకు చప్పట్లు పడేవి, నాకు తిట్లు పడేవి. ఆ తిట్లకు నేను మురిసిపోయేవాడిని.

బళ్ళారి జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన కొన్నేళ్ళకు, సిరుగుప్ప దగ్గరి దేశనూరు అవతల, కాలువ పక్కన ఒక క్యాంపులో నాకు బడి పని దొరికింది. క్యాంపు అంటే కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న కొత్త ఊరు. తుంగభద్ర నీళ్ళు వచ్చాయని తెలిసి, అక్కడ పొలాలు అమ్ముకుని, ఇక్కడ భూములు కొని వరి వేశారు. తమ పిల్లలకు తెలుగు చదువు కావాలని వాళ్ళే ఒక పాక వేసి, నన్ను పిలిపించుకున్నారు. వేసవి దాకా చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. నాకు ఆ పని కావాలి. అంగట్లో మా అన్నల కింద బెల్లం తూచుకుంటూ బతకడం ఇష్టం లేక ఇంట్లో తగాదా పెట్టుకుని వచ్చినవాణ్ణి నేను. తిరిగి వెళ్ళే ముఖం లేదు.

బడి పాక వెనకే నాకొక గది. భోజనం వారాల పద్ధతి. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అట్లా ఏడు ఇళ్ళు. క్యాంపు వాళ్ళు అన్నం పెట్టడంలో గొప్పవాళ్ళు. పీట వేసి కూర్చోబెట్టి, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు వడ్డించి, పక్కన కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పేవాళ్ళు. "మాష్టారూ, మీ బళ్ళారి తెలుగు భలే ఉంటుందండీ, ఇంకోసారి అనండి," అని నవ్వేవాళ్ళు. నేను ఉక్రోషం నటిస్తూ ఇంకోసారి అనేవాడిని. మా ఇంట్లో కూడా నాతో అన్ని మాటలు ఎవరూ మాట్లాడింది లేదు.

ఆ ఏడు మొదటి పంట ఇళ్ళకు చేరాక, క్యాంపులో నాటకం వేయించాలన్నారు. ఇక్కడే నేను బుద్ధి తక్కువ పని చేశాను. మా సంఘాన్నే పిలిపిస్తానన్నాను. వాళ్ళ మాష్టారు ఎంతటి నటుడో వాళ్ళు చూడాలని నా కోరిక. ఆరోజు నేను చేసినట్టు అంతకుముందు ఎన్నడూ చేయలేదు. ఉండ చుట్టి, వాసన చూసి, నవ్వుతూ హీరో తమ్ముడి అరచేతిలో పెట్టినప్పుడు ముందు వరసలో ఒక ముసలమ్మ దుమ్మెత్తి నా మీద పోసింది. నేను పొంగిపోయాను.

ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉండేది. నాటకం అయిపోయిన తెల్లవారి, ఒక్కో ఇంటివాళ్ళు వచ్చి ఒక్కో నటుణ్ణి తమ ఇంటికి తీసుకెళ్ళి, నీళ్ళు తోడి, భోజనం పెట్టి పంపుతారు. హీరో కోసం రెండిళ్ళ వాళ్ళు మాటా మాటా అనుకున్నారు. ఆడవేషం వేసినవాణ్ణి ఆడవాళ్ళే వచ్చి పిలుచుకుపోయారు. హార్మోనియం వాయించిన ఆయనను బండి కట్టి తీసుకెళ్ళారు. చివరికి నేనొక్కడినే మిగిలాను. ఆరోజు శుక్రవారం. శుక్రవారం నా భోజనం క్యాంపు పెద్దమనిషి ఇంట్లో. సరే, వాళ్ళే పిలుస్తారని బడి మెట్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నానికి జీతగాడు వచ్చి, విస్తరాకు మూసిన ఒక గిన్నె మెట్టు మీద పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆరోజు నుంచి ఏడిళ్ళ వాళ్ళూ అంతే. అన్నం మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు. కూరలు కూడా తగ్గించలేదు. కానీ గిన్నె వచ్చేది, మనిషి వచ్చేవాడు కాదు. పిల్లలు పాఠం చెప్పించుకుని, గంట కొట్టగానే పరుగెత్తేవాళ్ళు. ఒక పిల్లవాణ్ణి పట్టుకుని అడిగితే చెప్పాడు: "తెలియనివాడు అట్టా ఉండ చుట్టలేడంట. మా నాన్న అన్నాడు." చెడ్డగా నటించి ఉంటే బాగుండేదా? కోపంతో రెండు రోజులు గిన్నె ముట్టలేదు. నేను తినలేదని కూడా ఎవరూ అడగలేదు. మూడో రోజు ఆకలికి తట్టుకోలేక తిన్నాను. తింటూ ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఏడ్చాను.

విచిత్రమేమిటంటే, అట్లా నన్ను వెలివేసినవాళ్ళే ఒక్కొక్కరు చాటుగా రావడం మొదలుపెట్టారు. మొదట ఒక పిల్లతల్లి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని వేళ. "మాష్టారూ, నాట్లకెళ్ళాలండీ. పిల్లది పడుకోవట్లేదు. ఆవగింజంత ఉంటే ఇప్పించండి," అంది. నేను అరిచిన అరుపుకు పిల్ల ఏడ్చింది, తల్లి పారిపోయింది. తర్వాతి వారం పెద్దమనిషే వచ్చాడు. వాతావరణం గురించి కాసేపు మాట్లాడి, మోకాళ్ళు నిమురుకుంటూ, "వేరే దేనిక్కాదు, మందుకేనండీ," అన్నాడు. నా దగ్గర లేదని చెబితే నమ్మలేదు. తనకు ఇవ్వడం నాకు ఇష్టం లేదనుకుని ముఖం మాడ్చుకుని పోయాడు. లేని సరుకు కోసం వచ్చేవాళ్ళే గానీ, ఉన్న నా కోసం ఒక్కరూ రాలేదు.

అప్పుడు వచ్చాడు ఒక ముసలాయన. క్యాంపు మనిషి కాదు, ఆ నేల మనిషే. చుట్టూ ఉన్న పొలాలన్నీ ఒకప్పుడు ఆయన వాళ్ళవీ, ఆయన దాయాదులవీ. వాళ్ళంతా క్యాంపు వాళ్ళకు అమ్ముకుని తలా ఒక దిక్కు పోతే, ఈయన మాత్రం కాలువ గట్టు పక్కన తన కాస్త నేల పట్టుకుని ఉండిపోయాడు. కొడుకు సిరుగుప్పలో రైసుమిల్లు పనికి వెళ్ళి వారానికొకసారి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది కోడలు, ఆయన.

"అయ్యవారా, నడుము నొప్పిగా ఉండాదప్పా. నీ కాడ ఆ నల్లది రవ్వంత ఉంటే ఇయ్యి," అన్నాడు.

మళ్ళీ మొదలైందిరా అని, తరిమేద్దామని లేచాను. ఆయన నా మొహం చూడనే లేదు. ఊతకట్టె గోడకు ఆనించి, మెట్టు మీద కూలబడి, మూత వేసిన గిన్నె వైపు చూసి, "ఏమప్పా, ఇంగా అన్నం తినలే?" అన్నాడు.

ఎన్ని వారాలైంది నన్నెవరైనా ఆ మాట అడిగి! నోటి దాకా వచ్చిన తిట్టు లోపలికి పోయింది. "ఈపొద్దు లేదు తాతా. రేపు రా," అన్నాను.

ఆ సాయంత్రం కూర్చుని తుమ్మబంక నానబెట్టాను. నేను చేస్తున్నది మోసమని నాకు తెలుసు. ఎవరికీ హాని లేని మోసమని సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆయన రేపు కూడా రావాలి, అంతే. మర్నాడు వచ్చాడు. రంగం మీద చేసినట్టే చేసి, ఉండ చుట్టి చేతిలో పెట్టాను. ఆయన బొటనవేలితో అదిమి, వాసన చూసి, నడుముకు దోపుకున్న పాత ముక్కుపొడుం డబ్బీ తీసి అందులో వేసుకున్నాడు. "ఇంటికాడ సంగటి తిని యేసుకుంటా," అన్నాడు. తర్వాత దీపాలు పెట్టే వేళ దాకా కూర్చున్నాడు.

రోజూ అంతే. పొద్దు వాలుతుంటే కట్టె చప్పుడు వినిపించేది. నేను ఉండ సిద్ధం చేసి పెట్టుకునేవాడిని. అది చేతులు మారిన తర్వాతే మాటలు మొదలయ్యేవి. నేను కౌల్ బజారు సంగతులు చెప్పేవాడిని. ఆయన కాలువ రాకముందు ఆ నల్లరేగడిలో పండిన జొన్నల గురించి చెప్పేవాడు. "అప్పుడు ఈడ నిలబడి కేకేస్తే మా పెద్దన్న ఆడ పలుకుతాండె. ఇప్పుడు యాడ సూసినా నీళ్ళే. యెవర్ని పిలుచల్ల? నేను ఈన్నే ఉండా, మా ఊరే నన్ను ఇడిసిపెట్టి పోయిండాది," అన్నాడొకరోజు. క్యాంపు పిల్లలు ఆయన మాట విని నవ్వేవాళ్ళు. అందుకని వాళ్ళతో మాట్లాడడం మానేశాడట. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆగేవాడు కాదు. నడుము నొప్పి ఎట్లా ఉందని నేనెప్పుడూ అడగలేదు. ఆయనా ఎన్నడూ చెప్పలేదు. ఎక్కడ తగ్గలేదంటాడో, సరుకు మంచిది కాదని రావడం మానేస్తాడో అని నాకు లోపల భయం.

వేసవి దగ్గర పడింది. నన్ను ఉంచుకోవాలా వద్దా అని క్యాంపు వాళ్ళు తేల్చుకోవలసిన రోజులు. ఒక ఆదివారం ఉదయం నన్ను పెద్దమనిషి ఇంటి ముందుకు పిలిపించారు. అక్కడ వాకిట్లో జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో ముసలాయన కోడలు నిలబడి ఉంది. ఆమె చేతిలో ఆయన పొడుం డబ్బీ. ముసలాయన ఒక పక్కన కట్టె మీద గడ్డం ఆనించి, నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

"సూడండప్పా! మా మామకు ఈయప్ప నల్లమందు అలవాటు చేస్తాండాడు. పడక కింద దొరికె," అని ఆమె డబ్బీ మూత తీసింది. నిండా నల్లటి ఉండలు.

పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "మేం అప్పుడే అనుకున్నామండీ మాష్టారూ. పోలీసులకు చెప్పే లోపల మీరే వెళ్ళిపోతే మర్యాదగా ఉంటుంది," అన్నాడు. నా దగ్గరికి మోకాళ్ళు నిమురుకుంటూ వచ్చిన మనిషి! నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ సంగతి అందరి ముందూ అనేద్దామనుకున్నాను. కానీ మాటలతో చెబితే నమ్మే జనమైతే ఇంత దూరం ఎందుకు వస్తుంది? ఒక్క అడుగు వేసి, ఆమె చేతిలోని డబ్బీ లాక్కుని, గుప్పెడు ఉండలు తీసి నోట్లో వేసుకుని కసకసా నమిలాను.

ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. నేను ఇక్కడే పడి చస్తానని అందరూ వెనక్కి జరిగారు. చావడం సంగతి అట్లా ఉంచి, తుమ్మబంక పళ్ళకు పట్టుకుని నోరు తెరవరాలేదు. దవడలు అంటుకుపోయాయి. ఊఁ ఊఁ అంటూ డబ్బీ అందరికీ చూపించాను. ఒక రైతు ధైర్యం చేసి ఒక ఉండ కొసను నాకి, "బెల్లమండీ ఇది! బెల్లం, బంకా!" అన్నాడు. ముందు ఒకరు నవ్వారు. తర్వాత వాకిలంతా నవ్వింది.

అందరూ నవ్వుతుండగా నేను డబ్బీలోకి చూశాను. నమిలినవి పోగా ఇంకా సగానికి పైగా ఉన్నాయి. అడుగున ఉన్నవి ఎండి గవ్వల్లా గట్టిపడ్డాయి. నేను ఇచ్చినవన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన ఒక్కటి కూడా తినలేదు. తలెత్తి చూస్తే ఆయన నా వైపే చూస్తున్నాడు. నేనిచ్చినది నల్లమందు కాదని బయటపడింది. ఆయన వచ్చింది నల్లమందు కోసం కాదని బయటపడింది. ఇద్దరం ఒకేసారి దొరికిపోయాం.

"మరి ఎందుకిచ్చారండీ?" అని పెద్దమనిషి నన్ను అడిగాడు. నా పళ్ళు అంటుకుని ఉన్నాయి. లేకపోయినా అంతమందిలో ఏం చెప్పేవాణ్ణి! "మరి నువ్వెందుకు తీసుకున్నావయ్యా?" అని ఆయనను అడిగారు. ముసలాయన కట్టె ఊతగా లేచి, డబ్బీ నా చేతిలోంచి తీసుకుని, కాలువ గట్టు వైపు నడిచిపోయాడు.

మర్నాడు సోమవారం ఇంటివాళ్ళు స్వయంగా వచ్చి నన్ను పిలుచుకుపోయారు. పీట వేశారు. పప్పులో నెయ్యి రెండుసార్లు పోశారు. బంక పళ్ళకు అంటుకున్న సంగతి నాచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నవ్వారు. బడిలో ఉండమన్నారు. నేను కోరుకున్నదంతా జరిగింది. కానీ అన్నం సహించలేదు. నా గిన్నెను మెట్టు మీద పెట్టిపోయిన చేతులే ఇప్పుడు నెయ్యి పోస్తున్నాయి. పొద్దు వాలేసరికి ఏదో పని ఉందని లేచి, బడి మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను.

ఆయన రాలేదు. ఆరోజే కాదు, ఎనిమిది రోజులు రాలేదు. నాకూ పౌరుషం వచ్చింది. దారి తెలియదా ఆయనకు, నేనెందుకు వెళ్ళాలి అనుకున్నాను. ఇదంతా పైపై కోపమే. వెళితే ఏం చెప్పి వెళ్ళాలో తెలియకే ఆగిపోయాను. ఇదివరకు ఆయన రావడానికి ఒక సాకు ఉండేది, నేను ఎదురుచూడడానికి ఒక సాకు ఉండేది. ఇప్పుడు వస్తే మనిషి కోసం మనిషి రావాలి. ఊరికే నీతో కూర్చోవాలని వచ్చానని ఒక మగవాడు ఇంకో మగవాడితో ఎట్లా చెబుతాడు? నాటకంలో పేజీలకు పేజీలు అప్పజెప్పిన నాకు ఆ ఒక్క మాట నోరు దాటలేదు. ఏడిళ్ళలో తిని కూడా ఆ ఎనిమిది సాయంత్రాలు ఉన్నంత ఒంటరిగా నేను వెలి రోజుల్లో కూడా లేను.

తొమ్మిదో రోజు బంక నానబెట్టాను.

ఉండ చుట్టి, చొక్కా జేబులో వేసుకుని, కాలువ గట్టు మీదుగా నడిచాను. ఆయన గుడిసె ముందు ఒక బండరాయి మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముఖం బడి వైపే ఉంది. నేను గట్టు మీద నడిచి వస్తున్నంతసేపూ చూసే ఉంటాడు. దగ్గరికి వెళ్ళేసరికి మాత్రం తల పక్కకు తిప్పుకున్నాడు. ఎదురుగా నిలబడి అరచేయి చాచాను. ఉండను చూశాడు.

అప్పుడు తీసుకున్నాడు. ఎప్పటిలాగే బొటనవేలితో అదిమాడు. వాసన చూశాడు.

"మొదటి దినం నుంచీ నీకు చెప్పల్లనుకుంటాండా," అన్నాడు. "బెల్లం తగ్గించప్పా. డబ్బీకి చీమలు పడతాండాయి."

డబ్బీ తీసి, ఉండ అందులో వేసి, మూత బిగించి నడుముకు దోపుకున్నాడు. తర్వాత కట్టెను అటు పక్కకు మార్చి, రాయి మీద కాస్త జరిగి నాకు చోటిచ్చాడు.